గౌరవ కాన్సుల్ నియామకం: మా రిజిస్టరులో పెన్సిలు రాతలు

విశాఖపట్నంలో ఒక స్టీమర్ ఏజెన్సీ ఆఫీసులో నేను పంతొమ్మిదేళ్లు పనిచేశాను. ఓడ రేవుకు వచ్చే ముందు నుంచి లంగరెత్తి వెళ్లిపోయే దాకా దాని మంచిచెడ్డలన్నీ చూడడం మా పని. పోర్టు, కస్టమ్స్, ఇమిగ్రేషన్ కాగితాలు, మంచినీళ్లు, కూరగాయలు, జబ్బు చేసిన వాడికి డాక్టరు, కాంట్రాక్టు ముగిసిన వాడికి విమానం టికెట్టు, ఎప్పుడైనా ఒకసారి చావు కూడా మా చేతుల మీదుగానే జరిగేది. మా మేనేజరు గారి సొరుగులో ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. అందులో దేశాల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్క దేశానికి ఎదురుగా ఢిల్లీలోని రాయబార కార్యాలయం నంబరు, చెన్నైలోనో కోల్‌కతాలోనో ఉన్న కాన్సులేటు (ఇక్కడికి వచ్చిన తమ పౌరుల అవసరాలు చూసే ఆఫీసు) నంబరు, అవి లేని దేశాలకు గౌరవ కాన్సుల్ పేరు, ఫోను సిరాతో రాసి ఉండేవి. చివరి గడిలో మాత్రం పెన్సిలు రాతలు. "రాత్రి కూడా ఎత్తుతారు." "ఆఫీసు వేళల్లోనే." "గుమాస్తాతో మాట్లాడాలి, ఆయన దొరకరు." "ఫోను వద్దు, మనిషిని పంపాలి."

ఆ పెన్సిలు గడిని నింపినవాళ్లు మాలాంటి మామూలు గుమాస్తాలు. అందులో ఉన్న సమాచారం ఆ కాన్సుల్‌ను నియమించిన ప్రభుత్వం దగ్గరగాని, ఆ నియామకానికి అంగీకరించిన మన ప్రభుత్వం దగ్గరగాని ఉండేదని నేను అనుకోను. అడిగిన వాళ్లు ఉంటే కదా ఉండేది. గౌరవ కాన్సుల్‌ల ఎంపికలో ఉన్న అసలు లోపం అదేనని, ఆ లోపం వల్ల పరాయి దేశంలో కష్టంలో పడిన మనిషి నష్టపోతున్నాడని నా నమ్మకం. ఈ వ్యాసం ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే.

ముందు ఆ పేరు సంగతి చూడాలి. తెలుగులో "గౌరవ" అన్న మాటను మనం రెండు రకాలుగా వాడుతున్నాం. గౌరవ డాక్టరేటు అన్నప్పుడు అది సత్కారం. గౌరవ కార్యదర్శి అన్నప్పుడు జీతం తీసుకోకుండా పనిచేసే మనిషి. ఆ మనిషికి దారి ఖర్చులకని ఇచ్చే కొద్దిపాటి సొమ్మును గౌరవ వేతనం అంటాం. గౌరవ కాన్సుల్ అన్న పదవి నిజానికి ఈ రెండో కోవకు చెందినది. అతను జీతం లేకుండా, లేదా నామమాత్రపు సొమ్ముతో, తన ఉద్యోగమో వ్యాపారమో తాను చేసుకుంటూనే మరో దేశం తరఫున కొన్ని పనులు చేయడానికి ఒప్పుకున్న మనిషి. అయితే వినేవారి చెవికి ఆ మాట మొదటి అర్థంలోనే తగులుతుంది. పదవి పొందినవారిలో చాలామంది కూడా దాన్ని సత్కారంగానే స్వీకరిస్తారు. పూలగుచ్ఛాలు, అభినందన సభలు, పత్రికలో ఫొటో అన్నీ ఆ అర్థాన్నే బలపరుస్తాయి. పని అన్న అర్థం వెనక్కి పోతుంది.

ఈ ఏర్పాటు చాలా పాతది. ప్రాచీన గ్రీసు నగర రాజ్యాల్లో ప్రాక్సెనోస్ అనే పదవి ఉండేది. ఒక నగర పౌరుడు తన ఊళ్లోనే ఉంటూ మరో నగరం నుంచి వచ్చినవారి బాగోగులు చూసేవాడు, ఆ నగరం తరఫున మాట్లాడేవాడు. థీబ్స్ కవి పిండార్ ఏథెన్సుకు ప్రాక్సెనోస్‌గా ఉన్నాడు. ఏథెన్సు సేనాని కైమన్ స్పార్టాకు ఆ పని చేశాడు. తర్వాతి కాలపు ఐరోపా న్యాయవేత్తలు కాన్సుల్‌లను రెండు తెగలుగా విడదీశారు. స్వదేశం నుంచి జీతమిచ్చి పంపినవారిని "మిస్సీ" అని, ఉన్న ఊరిలోనే ఉన్నవారిలోంచి ఎంచుకున్నవారిని "ఎలెక్టీ" అని లాటిన్‌లో పిలిచారు. పంపినవారు, ఎంచుకున్నవారు. ఎంచుకోవడమన్న మాట ఆ పేరులోనే ఉందని గమనించాలి, ఎందుకంటే ఈ పదవికి ఆయువుపట్టు ఎంపికే. పంపిన అధికారికి శిక్షణ ఉంటుంది, పైఅధికారి ఉంటాడు, బదిలీ ఉంటుంది, తప్పు చేస్తే పోయే పింఛను ఉంటుంది. ఎంచుకున్న మనిషికి ఇవేవీ లేవు. కాబట్టి అతని మంచితనమైనా, పనితనమైనా ఎంచుకున్న రోజునే చూసుకోవాలి.

నేటి చట్టం 1963లో వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధాల ఒడంబడిక. అది 1967లో అమల్లోకి వచ్చింది; భారతదేశం 1977లో అందులో చేరింది. ఆ ఒడంబడికలో మూడో అధ్యాయం మొత్తం, అంటే 58 నుంచి 68 దాకా ఉన్న అధికరణాలు, గౌరవ కాన్సుల్‌ల గురించే. చివరిదైన 68వ అధికరణం ఒక్క వాక్యం: గౌరవ కాన్సుల్‌లను నియమించాలా, స్వీకరించాలా అన్నది ప్రతి దేశం ఇష్టం. అమెరికా తన తరఫున ఈ పేరుతో ఎవరినీ నియమించదు, కాని ఇతర దేశాలు తన నేల మీద నియమించుకుంటే ఒప్పుకుంటుంది. ఐస్‌లాండ్ వంటి చిన్న దేశానికి ప్రపంచమంతటా రాయబార కార్యాలయాలు తెరిచే శక్తి లేదు కనుక రెండు వందలకు పైగా గౌరవ కాన్సుల్‌ల మీదే ఆధారపడుతుంది.

ఆ పదకొండు అధికరణాలను ఎన్నిసార్లు తిరగేసినా, ఎలాంటి మనిషిని ఎంచుకోవాలన్న మాట ఒక్కటి కూడా కనిపించదు. హక్కులు, మినహాయింపులు మాత్రం వివరంగా ఉన్నాయి. జెండాలు, రాజముద్రలు, సైన్‌బోర్డులు, సీళ్లు, ఆఫీసు బల్లలు నియమించిన దేశం పంపితే వాటి మీద కస్టమ్స్ సుంకం లేదని 62వ అధికరణం చెబుతుంది. కాన్సులేటు కాగితాలను సొంత వ్యాపారపు కాగితాలతో కలపకుండా విడిగా ఉంచితేనే వాటికి రక్షణ అని 61వ అధికరణం చెబుతుంది. ఈ షరతు పెట్టినవారికి అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుసని నాకనిపిస్తుంది. కలిసిపోయేవి కాగితాలు మాత్రమే కావని కూడా వారికి తెలిసే ఉంటుంది. కాని మనిషి యోగ్యత గురించి రాయడం దేశాల సార్వభౌమత్వంలో వేలు పెట్టినట్టవుతుందని వదిలేశారు. పర్యవసానంగా యోగ్యత అన్నది ఏ దేశానికి ఆ దేశం లోపల్లోపల తేల్చుకునే విషయమైపోయింది.

తేల్చుకునే తీరు మాత్రం చాలా దేశాల్లో ఒకేలా ఉంటుంది. ఒక నగరంలో తమకు గౌరవ కాన్సుల్ కావాలని రాయబారికి తోస్తుంది, లేదా ఉన్న కాన్సుల్ వృద్ధాప్యంతో తప్పుకుంటానంటాడు. తప్పుకునేవాడే తన వారసుణ్ణి సూచించడం మామూలు. ఆ వారసుడు కొడుకో కూతురో అయిన సందర్భాలు అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. లేదంటే వాణిజ్య మండలి పెద్దలో, ఆ దేశంతో ఎగుమతి దిగుమతులు చేసే వ్యాపారులో రాయబారికి తెలిసినవారిలోంచి ఒక పేరు వస్తుంది. రాయబారి భోజనానికి పిలుస్తాడు, మాట్లాడతాడు, రాజధానికి సిఫారసు పంపుతాడు. అక్కడి విదేశాంగ శాఖ ఆమోదిస్తే నియామక పత్రం తయారవుతుంది. ఆ పత్రం ఆతిథ్య దేశపు, అంటే కాన్సుల్ పనిచేయబోయే దేశపు, విదేశాంగ శాఖకు చేరుతుంది. వారు తమ పద్ధతిలో విచారణ చేసుకుని ఎక్సెక్వేచర్ అనే అంగీకార పత్రం ఇస్తారు. అది ఇవ్వకపోతే పదవి లేదు, ఎందుకు ఇవ్వలేదో చెప్పాల్సిన పని కూడా లేదని 12వ అధికరణం అంటుంది. ఆతిథ్య దేశపు పౌరుణ్ణే నియమించదలిస్తే ఆ దేశం విస్పష్టంగా సమ్మతించాలని, ఆ సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 22వ అధికరణం చెబుతుంది. మన దేశంలో ఉన్న విదేశీ గౌరవ కాన్సుల్‌లలో అత్యధికులు భారతీయులే కాబట్టి ఆ సమ్మతి ఇచ్చే అధికారం, దానితో పాటు బాధ్యత, మన ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

ఈ మొత్తం దారిలో ఎక్కడా బహిరంగ ప్రకటన లేదు, దరఖాస్తు లేదు, పోటీ లేదు. ఇద్దరు ముగ్గురి పరిచయాల వలయంలోనే అంతా జరిగిపోతుంది. ఈ పరిచయస్తులందరూ చెడ్డవారని నేను అనడం లేదు. వారిలో ఉత్తములను నేను చూశాను. కాని ఆ వలయంలోకి ప్రవేశించడానికి టికెట్టు డబ్బే. జీతం లేని పదవి కనుక ఆఫీసు అద్దె, సహాయకుడి జీతం, కారు, జాతీయ దినోత్సవానికి పెద్ద హోటల్లో విందు అన్నీ కాన్సుల్ చేతి నుంచే పెట్టుకోవాలి. అందువల్ల ఏ రాయబారైనా మొదట చూసేది ఆర్థిక స్తోమత. స్తోమత అవసరమైన షరతుగా మొదలై చివరకు అదొక్కటే అర్హతగా మిగులుతుంది. హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై, ఎక్కడైనా సరే, గౌరవ కాన్సుల్‌ల జాబితా చదివితే పారిశ్రామికవేత్తలు, ఆస్పత్రుల అధిపతులు, హోటళ్ల యజమానులు కనబడతారు. రిటైరైన పోర్టు డాక్టరో, లాయరో, భాషాధ్యాపకురాలో అరుదుగా కనబడతారు. ఆ పదవికి నిజంగా కావలసిన పనితనం ఈ రెండో వర్గంలోనే ఎక్కువగా ఉంటుందని నా అనుభవం.

ఆ అనుభవం ఏమిటో చెబుతాను. ఒక వర్షాకాలంలో, ఔటర్ హార్బరులో ముడి ఖనిజం ఎక్కించుకుంటున్న ఓడలో ఇంజను గది ఆయిలరు ఒకడు గుండె ఆగి చనిపోయాడు. నలభై రెండేళ్లవాడు. ఒక దేశంలో ఎవరైనా విదేశీయుడు చనిపోతే అతని కాన్సులేటుకు ఆలస్యం లేకుండా తెలియజేయాలని వియన్నా ఒడంబడిక 37వ అధికరణం చెబుతుంది. శవాన్ని ఇంటికి పంపాలంటే మరణ ధ్రువీకరణ పత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, శవాన్ని రసాయనాలతో భద్రపరిచినట్టు సర్టిఫికెట్టు, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఆ దేశపు కాన్సులర్ ప్రతినిధి ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. మొదటి మూడూ రెండు రోజుల్లో సంపాదించాం. అతని దేశానికి దక్షిణాదిలో ఒకే ఒక గౌరవ కాన్సుల్, వేరే రాష్ట్రంలో పెద్ద వ్యాపారి. ఫోను చేస్తే ఆయన కంపెనీ రిసెప్షనిస్టు ఎత్తింది. సారు విదేశాల్లో ఉన్నారండి, వచ్చే సోమవారం వస్తారండి, సీలు ఆయన దగ్గరే ఉందండి అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మార్చురీలో మరో ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ వాళ్ల దేశం నుంచి ఆ ఆయిలరు భార్య తమ్ముడు రోజుకు రెండుసార్లు నాకు ఫోను చేశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో అతను అడిగిన ప్రశ్న ఒకటే: ఈ రోజు సంతకం అయిందా అని.

అదే రేవులో మూడేళ్ల తర్వాత వేరే దేశపు కుర్రాడు, డెక్ కేడెట్టు, ఓడ ఎక్కే గ్యాంగ్‌వే మెట్ల మీద నుంచి జారి పడి చనిపోయాడు. వారి గౌరవ కాన్సుల్ అరవై దాటిన పెద్దాయన, ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినవారు. రాత్రి పదకొండింటికి ఫోను చేస్తే రెండో రింగుకే ఎత్తారు. మర్నాడు రాత్రి రైలెక్కి వచ్చి, స్టేషను నుంచి తిన్నగా మార్చురీకి వచ్చారు. భుజానికి గుడ్డ సంచి, అందులో సీలు, ఇంకు ప్యాడు, లెటర్‌హెడ్లు. శవపేటిక మీద అంటించిన చీటీనీ, భద్రపరిచిన సర్టిఫికెట్టునీ, పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టుకుని, ఇంటిపేరులో అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివారు. సర్టిఫికెట్టులో ఒక అక్షరం తప్పు పడింది. మేమెవరమూ చూడలేదు. అలాగే పంపి ఉంటే విమానాశ్రయంలో కార్గో వాళ్లు పేటికను వెనక్కి పంపేవాళ్లు. సర్టిఫికెట్టు మార్పించి, కొత్తది చేతికొచ్చే దాకా బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను టీ తెస్తే తాగారు. "వాళ్లమ్మకు నేను ఫోను చేయాలి బాబూ, కాస్త ఎక్కడైనా నిశ్శబ్దంగా ఉండే చోటు చూపించు" అన్నారు.

ఈ ఇద్దరినీ ఎంచుకున్న పద్ధతి ఒకటే. ఒకరి విషయంలో రాయబారికి అదృష్టం కలిసొచ్చింది, మరొకరి విషయంలో కలిసిరాలేదు. పరాయి ఊళ్లో చనిపోయిన వాడి శవం ఇంటికి ఎప్పుడు చేరుతుందన్నది అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదు.

నేను చెప్పినది నిర్లక్ష్యం గురించి మాత్రమే. అంతకంటె పెద్ద హాని కూడా ఉంది. 2022 నవంబరులో అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల సంఘమైన ఐసీఐజే, అమెరికాలోని వార్తాసంస్థ ప్రొపబ్లికా కలిసి అనేక దేశాల పత్రికలతో చేసిన పరిశోధన ఫలితాలను ప్రచురించాయి. నేరారోపణలోనో వివాదాల్లోనో చిక్కుకున్న గౌరవ కాన్సుల్‌లు, మాజీ గౌరవ కాన్సుల్‌లు కనీసం 500 మంది ఉన్నారని అవి లెక్క తేల్చాయి. అదే ఏడాది మార్చిలో అమెరికా ఆర్థిక శాఖ హెజ్బొల్లాకు నిధులు సమకూరుస్తున్నాడంటూ ఆంక్షలు విధించిన ఒక గినియా వ్యాపారికి లెబనాన్ గౌరవ కాన్సుల్ హోదా ఉంది. 2012లో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో దక్షిణ కొరియా నియమించుకున్న గౌరవ కాన్సుల్ హోదాను కొద్ది నెలలకే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇలాంటివారు ఈ పదవిని ఎందుకు కోరుకుంటారో ఒడంబడిక చదివితే తెలుస్తుంది. కాన్సులేటు అధికారిక కాగితాలు, వస్తువులు వెళ్లే కాన్సులర్ సంచిని తెరవకూడదన్న 35వ అధికరణం కొన్ని పరిమితులతో గౌరవ కాన్సుల్ నడిపే కార్యాలయానికీ వర్తిస్తుంది. ఆతిథ్య దేశపు పౌరుడైతే అతనికి లభించే రక్షణ అధికారికంగా చేసిన పనులకే పరిమితమని 71వ అధికరణం స్పష్టంగానే చెబుతున్నా, కారు మీద జెండానూ గేటుకు రాజముద్రనూ చూసిన కానిస్టేబులు ఆ అధికరణాన్ని గుర్తు చేసుకుని ముందుకు రాడు. చట్టం ఇచ్చిన రక్షణ చిన్నది, చూసేవారి మనసులో పుట్టే బెరుకు పెద్దది. ఆ బెరుకు కోసమే పదవిని కోరుకునేవాడిని మొదటి మెట్టులోనే ఆపే పద్ధతి కావాలి.

ఆతిథ్య దేశం చేసే విచారణ ఆ పని చేస్తుందని కొందరు అంటారు. చేయదు. విచారణ చూసేది మనిషి మీద కేసులున్నాయా, దేశ భద్రతకు ముప్పు ఉందా అన్నది. అది అవసరమే. కాని కేసులు లేకపోవడం వేరు, పని చేయగలగడం వేరు. జర్మనీలో విదేశీ గౌరవ కాన్సుల్‌కు అంగీకారం ఇచ్చే ముందు సంబంధిత రాష్ట్ర ప్రభుత్వాన్ని కూడా అడుగుతారు. రాష్ట్రానికి ఆ మనిషి బాగా తెలిసి ఉంటాడు కాబట్టి ఇది మంచి ఆలోచన. కాని అక్కడైనా ఎక్కడైనా అడిగే ప్రశ్న మనిషి పరువు ప్రతిష్ఠల గురించే. రేవులో, విమానాశ్రయంలో, జైల్లో, ఆస్పత్రిలో అతనితో పనిపడబోయే వారిని ఎవరూ అడగరు.

ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే ఒక ఉదాహరణను దాటవేయడం నాకిష్టం లేదు. ప్రకటనలు, దరఖాస్తులు, పోటీలు ఏమీ లేకుండా, యుద్ధం మధ్యలో, తొందరలో చేసిన ఒక నియామకం చరిత్రలో గొప్పదిగా నిలిచింది. 1940లో లిథువేనియా తాత్కాలిక రాజధాని కౌనస్‌లో నెదర్లాండ్స్‌కు ఉన్న గౌరవ కాన్సుల్ నాజీల సానుభూతిపరుడు. రీగా నుంచి బాల్టిక్ దేశాల బాధ్యత చూస్తున్న డచ్చి రాయబారి డి డెక్కర్ అతణ్ణి తొలగించి, ఆ ఊళ్లో ఫిలిప్స్ కంపెనీ శాఖను నడుపుతున్న యాన్ జ్వార్టెన్‌డైక్ అనే మనిషిని జూన్‌లో ఆ స్థానంలో పెట్టాడు. రేడియోలు, బల్బులు అమ్మే మనిషి. కాన్సులర్ పనిలో అనుభవం లేదు. కొద్ది వారాల్లో పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు అతని తలుపు తట్టారు. కరేబియన్‌లోని డచ్చి ద్వీపం క్యురాసావ్‌లో దిగడానికి వీసా అక్కర్లేదు, గవర్నరు అనుమతి చాలు అన్నది నిబంధన. డి డెక్కర్ మొదట ఒకరిద్దరికి ఆ వాక్యంలో రెండో సగం వదిలేసి, వీసా అక్కర్లేదన్న ముక్కను మాత్రమే రాసి ఇచ్చాడు. జ్వార్టెన్‌డైక్ అదే వాక్యాన్ని పాస్‌పోర్టు తర్వాత పాస్‌పోర్టులో పెడుతూ, జులై చివరి వారం నుంచి ఆగస్టు 3 దాకా రెండు వేలకు పైగా మందికి ఇచ్చాడు. ఆ రాత ఆధారంగానే జపాన్ వైస్ కాన్సుల్ చియునె సుగిహారా తమ దేశం మీదుగా వెళ్లే వీసాలు ఇచ్చాడు. జ్వార్టెన్‌డైక్ 1976లో చనిపోయాడు. నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మృతికోసం ఇజ్రాయెల్ నెలకొల్పిన యాద్ వాషెమ్ సంస్థ, యూదుల ప్రాణాలు కాపాడినవాడిగా 1997లో గాని అతణ్ణి గుర్తించలేదు.

ఈ కథ చదివి, పద్ధతులతో పనేముంది, మంచి మనిషి దొరికితే చాలదా అనవచ్చు. నేను దీన్ని వేరే విధంగా చదువుతాను. డి డెక్కర్ తెలిసినవారిలోంచే ఎంచుకున్నాడు, నిజమే. కాని ఎంచుకునే ముందు ఉన్నవాణ్ణి తీసేశాడు. గౌరవ కాన్సుల్‌ల విషయంలో ప్రభుత్వాలు అతి తక్కువగా చేసే పని అదే. జీతం లేని మనిషిని ఎలా తీసేస్తాం, మొహమాటం కదా, ఆయన మనకు సొంత డబ్బు ఖర్చు పెడుతున్నాడు కదా అన్న భావం ఫైళ్లలో కనబడకపోయినా పనిచేస్తుంది. అందుకే ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు ఒకే మనిషి అదే పదవిలో ఉండిపోతాడు. ఎంపిక అన్నది ఒకసారి జరిగిపోయే తంతు కాదు. ఉన్నవాణ్ణి ఉంచాలా వద్దా అని మళ్లీ మళ్లీ అడగడం కూడా ఎంపికే.

జీతం లేకపోవడం అన్న మూలంలోంచి మిగతా లోపాలన్నీ పుడుతున్నాయి కనుక అక్కడినుంచే మొదలుపెట్టాలని నేను కోరుతున్నాను. పూర్తి జీతం ఇవ్వమని కాదు. ఆఫీసు అద్దె, ఒక సహాయకుడి జీతం, ప్రయాణ ఖర్చులు ప్రభుత్వమే భరించి, చిన్న గౌరవ వేతనం ఇస్తే చాలు, రిటైరైన డాక్టరుకూ అధ్యాపకురాలికీ తలుపు తెరుచుకుంటుంది. బ్రిటన్ ఇలా కొద్దిపాటి సొమ్ము ఇస్తుంది, కొన్ని చోట్ల ఖాళీని బహిరంగంగా ప్రకటించి దరఖాస్తులు కూడా పిలుస్తుంది. ప్రకటనలో చేయవలసిన పని స్పష్టంగా రాయాలి: అరెస్టయిన వారిని చూడడానికి జైలుకు వెళ్లాలి, ఆస్పత్రికి వెళ్లాలి, రాత్రిళ్లు ఫోను ఎత్తాలి, ఊళ్లో లేనప్పుడు సీలు, సంతకం అధికారం ఉన్న మరో మనిషి ఉండాలి. అది చదివి వెనక్కి తగ్గేవారు తగ్గుతారు. ఆ ఒక్క కాగితం ఎంతో వడపోత చేస్తుంది. నాలుగేళ్లకో అయిదేళ్లకో పదవీకాలం ముగిసి, మళ్లీ ఇవ్వాలంటే ఆ కాలంలో ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని గంటల్లో స్పందించారు అన్న లెక్క ముందుంచాలి. సొంత వ్యాపార ప్రయోజనాలన్నీ రాసి ఇవ్వాలి. కొడుకునో కూతురినో వారసులుగా ప్రతిపాదించడం మాత్రం పూర్తిగా మానెయ్యాలి.

వ్యాపార ప్రయోజనాల మాట నేను ఊరికే అనడం లేదు. పరాయి దేశంలో పనిచేసే కూలీకి జీతం ఎగ్గొట్టిన యజమాని అదే ఊళ్లో ఆ కాన్సుల్ కంపెనీకి సరుకు అమ్మేవాడైతే, ఆ కూలీ ఫిర్యాదు ఎక్కడికి పోతుంది? దీనికి చెడ్డవాడు కానక్కర్లేదు, మొహమాటం ఉన్నవాడైతే చాలు. వాణిజ్యాన్ని పెంచడం కాన్సుల్ విధుల్లో ఒకటని ఒడంబడిక 5వ అధికరణమే చెబుతుంది కదా, వ్యాపారస్తుడి కంటె అది బాగా చేసేదెవరు అన్న వాదన ఉంది. నిజమే. అయితే ఆ పనికి వేరే మనిషిని వేరే పేరుతో పెట్టుకోవచ్చు. గౌరవ వాణిజ్య ప్రతినిధి అన్న ఏర్పాటు ఉన్న దేశాలు ఉన్నాయి. పెట్టుబడిదారుతో భోజనం చేసే పనినీ, జైల్లో ఉన్నవాడికి దుప్పటి తీసుకెళ్లే పనినీ ఒకే మనిషి నెత్తిన పెట్టి, ఎంపిక మాత్రం మొదటి పనిని చూసి చేయడం అన్యాయం.

చిన్న దేశాలకు ఇంత ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఖర్చు లేకుండానే చేయగలిగేవి మాత్రం ఉన్నాయి. ప్రకటన వేయడానికి, పదవీకాలం పెట్టడానికి, రాత్రి పన్నెండింటికి ఒకసారి ఫోను చేసి చూడడానికి ఖజానా అక్కర్లేదు.

మన సంగతి కూడా ఇందులో ఉంది. భారతదేశం కూడా రాయబార కార్యాలయం లేని చోట్ల గౌరవ కాన్సుల్‌లను నియమిస్తుంది. చదువుకోసం, పనికోసం మన తెలుగు పిల్లలు వెళ్లే దేశాలు ఇప్పుడు అమెరికా, గల్ఫు మాత్రమే కాదు. భారత రాయబార కార్యాలయం పక్క దేశంలో ఉన్న చోట్లకూ వెళుతున్నారు. అలాంటి ఊళ్లో పాస్‌పోర్టు పోయినా, పోలీసులు పట్టుకున్నా, ప్రాణం పోయినా, ముందుగా చేరవలసిన తలుపు గౌరవ కాన్సుల్‌దే. అతనికి సాధారణంగా పాస్‌పోర్టు జారీ చేసే అధికారం ఉండదు, కాగితాలు పక్క దేశానికి పంపి తెప్పించాలి. అందుకే అతని చొరవ మీద అంత ఆధారపడవలసి వస్తుంది. ఓడ ఉద్యోగాల్లో చేరిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లెందరినో నేను చూశాను. వారి తల్లిదండ్రులు నన్ను ఏజెన్సీలో కలిసి అడిగేవి జీతం, కాంట్రాక్టు నెలలు, ఓడ వయసు. వెళ్లే దేశంలో మన కాన్సుల్ ఎవరు, ఎలా దొరుకుతారు అని ఒక్కరు కూడా అడగలేదు. అడగాలని వారికి ఎవరు చెప్పారు గనుక.

ఒక దేశపు గౌరవ కాన్సుల్ మారినప్పుడు ఢిల్లీ నుంచి మాకు సర్క్యులర్ నకలు వచ్చేది. మేనేజరు గారు పాత పేరును గీత పెట్టి కొట్టేసి, దాని మీద కొత్త పేరు, కొత్త నంబరు సిరాతో రాసేవారు. తర్వాత రబ్బరు తీసుకుని చివరి గడిలో ఉన్న పాత పెన్సిలు రాతను తుడిచేసేవారు. ఆ గడి ఖాళీగా ఉండేది. ఆ దేశపు ఓడ మీద ఎవరో ఒకరు చచ్చిపోయే దాకానో, పోలీసు స్టేషనులో కూర్చునే దాకానో, అందులో ఏం రాయాలో మాకు తెలిసేది కాదు.